ఎవరండీ, మీరా?

కరెంటు పోయింది. చెప్పి పోవడం దానికెలాగూ అలవాటు లేదు. డాక్టర్ రాజ్యశ్రీ గారు నా ఎడమ బీజం మీద చల్లటి జిగురు రాసి, సబ్బుబిళ్ళంత పరికరం ఒకటి దానికి ఆనించి, తెర మీద ఏదో కొలుస్తూ, "గట్టిగానే ఉందండీ, కాని బ్లడ్ రిపోర్టు నార్మల్ కదా, కంగారేం లేదు, నెల రోజులు మందులు వాడి మళ్ళీ చూద్దాం" అంటూ ఉండగా తెర, ఏసీ, గోడ మీది ఎర్ర దీపం, ఆవిడ మొహం అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. "అలాగే ఉండండి, కదలకండి, రాగానే కుడివైపు కూడా చూసి పంపించేస్తాను" అని ఆవిడ గోడ తడుముకుంటూ బయటికి వెళ్ళింది. తలుపు దానంతట అదే మూసుకుంది. జనరేటర్లో డీజిల్ లేదంట, మనిషిని పంపారంట అని బయట ఆయా ఎవరితోనో అంటోంది. గవర్నర్‌పేటలో మే నెల మధ్యాహ్నం మూడింటికి పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. తెర బాగా కనపడాలని ఈ గది కిటికీలకి చెక్కలు కొట్టేశారు, కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. నడుం పైన చొక్కా ఉంది, శుక్రవారం నమాజుకి వేసుకునే ఫుల్ హ్యాండ్స్ చొక్కా, డాక్టర్ల దగ్గరికి కదా అని మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని మరీ వచ్చాను. నడుం కింద ఒక తువ్వాలు, అంతే. ప్యాంటు పక్క గదిలో కొక్కేనికి వేలాడుతోంది. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి మగాళ్ళకి ప్యాంట్లు కుడుతున్న నాగుల్ మీరాకి వేసుకోవడానికి ప్యాంటు లేదు.

నార్మల్ అంది. నార్మలే మరి, ఎందుకుండదు. ఆ రక్తం నాది కాదు. కుల్సుంది. ఈ సంగతి నాకూ నా భార్య కుల్సుంకీ తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు, కుల్సుం చెప్పదు, నేను చెప్పకపోతే నాతోనే పోతుంది. పోతుంది అనే మాట ఇప్పుడే రావాలా. చెమట చెవి వెనక నుంచి దిండులోకి దిగుతోంది. జిగురు ఆరుతూ చర్మాన్ని పట్టి లాగుతోంది. లేచి కూర్చుందామంటే ఆవిడ కదలొద్దంది, లేచినా ఎటు వెళ్తాను, ఈ తువ్వాలుతో హాల్లోకి వెళ్ళనా, అక్కడ సాంబమూర్తి గారు పేపరు చదువుతూ కూర్చున్నారు.

సాంబమూర్తి గారిది మా కొట్టుకి ఎదురుగా చేనేత బట్టల షాపు. గ్యాస్ ట్రబుల్ అని చెప్పారు నాతో, పొట్ట స్కాన్ చేయించుకోవడానికొచ్చానయ్యా అన్నారు. గ్యాసూ కాదు, పొట్టా కాదు, ఆయనకి ఆరేళ్ళుగా వరిబీజం, కుడివైపు. ఆయన చెప్పలేదు, నా టేపు చెప్పింది. నా కొలతల పుస్తకంలో ఆయన పేరు పక్కన ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్క నేర్పింది మా నాన్న. సీటు కొలిచేటప్పుడు కళ్ళు గోడ మీద పెట్టాలిరా, చేతికి తెలిసింది నోటికి తెలియకూడదు, తొడల మధ్య ముప్పావు అంగుళం గుడ్డ ఎక్కువ వదిలి పుస్తకంలో చుక్క పెట్టుకో, అతను సుఖంగా నడుస్తూ పోతాడు, నిన్ను మాత్రం జన్మలో వదలడు, అన్నాడు. నిజంగానే వదల్లేదు ఎవరూ. అవనిగడ్డ నుంచి, కైకలూరు నుంచి, బస్సెక్కి వచ్చేవాళ్ళు. కాలవలూ దోమలూ ఉన్నంతకాలం మా కొట్టుకి ఢోకా లేదు అని నేనే నవ్వేవాణ్ణి. నలభై మూడు చుక్కలున్నాయి పుస్తకంలో. నలభై నాలుగోది కిందటి సెప్టెంబరులో పెట్టాను, నా పేరు పక్కన. స్నానం చేస్తుంటే ఎడమవైపు బరువు తగిలింది, నొప్పి లేదు, మంట లేదు. ఎవరి దగ్గరికో పరిగెత్తడం ఎందుకు, ఇంతమందిని చూశాను, నాకు తెలియదా? వరిబీజమే అనుకున్నాను. ఒక ప్యాంటు వదులుగా కత్తిరించుకున్నాను, చుక్క పెట్టుకున్నాను, పనిలో పడ్డాను. ఎనిమిది నెలలు. ఇంకెవరైనా అయితే భయపడి పరిగెత్తేవాడు. నేను దర్జీని కదా, గుడ్డ వదిలితే సరిపోతుందనుకున్నాను.

టార్చి ఆ మాట తేల్చేసింది. మొన్న సర్జన్ కృపానందం గారు తన గది లైటు ఆర్పి, ఒక చిన్న టార్చి కింద నుంచి ఆనించారు. "వరిబీజం అంటే నీళ్ళయ్యా. నీళ్ళయితే లాంతరులా ఎర్రగా వెలగాలి. చూడు, వెలగట్లేదు. ఇది కండ" అన్నారు. నేను చూశాను. నా ఒంట్లో ఒక చోట వెలుతురు వెళ్ళనంటోంది. కుడివైపు పెడితే మాత్రం గులాబి రంగులో బాగానే వెలిగింది, పెళ్ళి పందిట్లో బల్బులా. అప్పుడు కూడా నవ్వొచ్చింది నాకు, దేనికి నవ్వాలో దేనికి ఏడవాలో ఈ మధ్య తెలియట్లేదు. ఆయన లైటు వేసి, చేతులు కడుక్కుంటూ అన్ని సంగతులూ చెప్పారు. కొన్ని మామూలు గడ్డలుంటాయి, బోదకాలు పురుగు వల్ల వచ్చేవి, టీబీ వల్ల వచ్చేవి, అవి మందులకి లొంగుతాయి. కొన్ని చెడ్డవి. ఆ చెడ్డవాటిలో కొన్ని ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతాయి, మామూలుగా అది కడుపుతో ఉన్న ఆడవాళ్ళ రక్తంలో ఉంటుంది. మగాడి రక్తంలో అది కనపడిందంటే ఇక చూసేది లేదు, రెండ్రోజుల్లో ఆ బీజం తీసేయాలి. "తీసేస్తే బతుకుతావయ్యా. చెడ్డ రోగాలన్నిట్లోకీ తొందరగా వస్తే మాట వినేది ఇదొక్కటే. ఒక బీజం ఉన్నా పిల్లలు పుడతారు. ఆలస్యం చేస్తే మాత్రం పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. అప్పుడు నేనేం చేయలేను" అన్నారు. చీటీ మీద గబగబా రాశారు, ఎన్. మీరా, ముప్పై ఆరు. ఆ ఎన్ బదులు మూడక్షరాలు రాసి ఉంటే, నాగుల్ అని పూర్తిగా రాసి ఉంటే, ఇదంతా జరిగేది కాదేమో. కాదు, జరిగేది. తప్పు చీటీ మీద నెడితే ఎలా.

ఈ పేరుతో నాకు చిన్నప్పటి నుంచీ ఇదే గొడవ. బళ్ళోకి కొత్త మాస్టారొచ్చిన మొదటిరోజు, ఎవర్రా వెనక మాట్లాడుతోంది అని అరిస్తే, మీరా అండీ అన్నాడు నా పక్కవాడు. నేనా అని ఆయన బెత్తం పట్టుకుని వచ్చి ఇద్దర్నీ వాయించాడు. ఫోనులో ఇప్పటికీ అంతే, ఎవరండీ అంటారు, మీరా అండీ అంటాను, ఆఁ నేనేనండీ, మీరెవరు అంటారు. ఈ వైపు వాళ్ళకి నాగుల్ మీరా అంటే మగాడి పేరని తెలుసు, వీధికొకడుంటాడు. ఇక్కడి ల్యాబు కౌంటర్లో ఉన్న రామతులసి గారు ఈ వైపు మనిషి కాదు, శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిందట. చీటీ చూసింది, పరీక్ష పేరు చూసింది, హాల్లో ఇరవై మంది కూర్చుని ఉండగా గట్టిగా పిలిచింది. "ఎన్. మీరా గారూ! ప్రెగ్నెన్సీ బ్లడ్ టెస్టు! మీరా గారెవరండీ?"

నేను సగం లేచాను. సగమే లేచాను, అది గుర్తుంది, మోకాళ్ళు వంగి ఉన్నాయి ఇంకా. ఆ రోజు కూడా అక్కడే ఉన్నారు సాంబమూర్తి గారు, షుగరు చూపించుకోవడానికని చెప్పుకుంటూ. "ఏవయ్యా మీరా, జంటగా వచ్చారు, శుభవార్తన్నమాట! పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి! చెప్పవేం మరి?" అన్నారు. పక్కనున్న ముసలావిడ కూడా నవ్వింది. ఇరవై మొహాలు. అందులో ముగ్గురు చుక్కవాళ్ళు. వీళ్ళందరి ముందూ ఆ పరీక్ష నాకండీ అని ఎలా అంటాను, అంటే ఎందుకు అని అడుగుతారు, ఎందుకో చెబితే రేపు ఏ మగాడు వచ్చి నా టేపు ముందు నిలబడతాడు? నేను కూర్చున్నాను. రామతులసి గారు కౌంటరు దాటి వచ్చి, నా పక్కనున్న కుల్సుం మొహంలోకి చూసి "మీరా?" అంది. కుల్సుం నావైపు ఒక్కసారి చూసింది. "అవునండీ" అంది. అబద్ధం కూడా కాదు అది, చీటీ ఎవరిది, మీరాదేనా అని అడిగినట్టూ ఉంది, నువ్వేనా అని అడిగినట్టూ ఉంది. కుల్సుం లేచి వెళ్ళి, బురఖా చేయి పైకి లాగి, పిడికిలి బిగించింది. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ సూది నాది. ఎర్రగా సిరంజిలోకి ఎక్కుతుంటే నాకు కళ్ళు తిరిగాయి, కుల్సుంకి తిరగలేదు. మెట్లు దిగుతూ, మళ్ళీ రేపొచ్చి నాది ఇచ్చేస్తాలే, ఎవరూ లేనప్పుడు, అన్నాను. సరే అంది. రేపు వచ్చింది. ఎల్లుండి వచ్చింది. ప్యాంట్లున్నాయి, పెళ్ళిళ్ళ కోటు ఒకటుంది, వెళ్ళలేదు.

తలుపు అవతల ఎవరో దగ్గారు. ఎంతసేపైంది? స్టేషన్ వైపు నుంచి ఇంజను కూత వినపడింది, ఏ బండో. దోమ ఒకటి చెవి దగ్గర తిరుగుతోంది, కుట్టు తల్లీ, నీ వల్లే అయితే బాగుండు, నీ వల్ల వచ్చే నీళ్ళయితే ఎంత బాగుండు. నిన్న రిపోర్టొచ్చింది. ఆడా మగా అన్న చోట టిక్కు ఏదీ లేదు. రామతులసి గారు మంచిదే పాపం, కుల్సుం చేయి పట్టుకుని, "సారీ అండీ, నెగటివే. ఇంకో నెల చూడండి, దిగులుపడకండి" అంది. అప్పుడు జరిగిన సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. నాకు సంతోషం వేసింది. నిజంగా, గుండెలో. నెగటివ్, నాకేం లేదు అనిపించింది. ఆ రక్తం నాది కాదని నాకు తెలుసు, సూది ఎవరి చేతిలో దిగిందో నా కళ్ళారా చూశాను, అయినా కాగితం మీద నా పేరుంది, పక్కన నెగటివ్ అని ఉంది, మనిషికి ఇంకేం కావాలి. దారిలో జీడిపప్పు పాకం కొన్నాను. మొగుడూ పెళ్ళాల రక్తం ఒకటే కదా అని కూడా అనుకున్నాను, ఇంతకంటే సిగ్గులేని మాట నా జీవితంలో అనుకోలేదు.

బొప్పాయి. ఉన్నట్టుండి బొప్పాయి ఎందుకు గుర్తొచ్చింది? ఆదివారం కోశాను, పండినది, కుల్సుంకి ప్రాణం. ప్లేటులో పెట్టిస్తే ముక్కలు నావైపే జరిపింది, వద్దు, వేడి చేస్తుంది అంది. సోమవారమూ ముట్టలేదు. ఆ నీళ్ళ బిందె కూడా, పది రోజులుగా నన్నే ఎత్తమంటోంది, నడుం నొప్పి అంది. నిన్న సాయంత్రం రిపోర్టు తీసుకుని ఇంటికొచ్చాక, నేను పాకం ముక్క కొరుకుతూ ఉంటే, వంటింట్లో పీట మీద కూర్చుని మిగిలిన సగం బొప్పాయీ తినేసింది. గింజలతో సహా గీకి గీకి తింది. నేను ఆకలేసిందేమో అనుకున్నాను. యా అల్లా. ఆవిడకి నెల తప్పి ఉంది. అవునండీ అని లేచింది నా పరువు కోసమే కాదు, తనకీ తెలుసుకోవాలని ఉంది, ఎవరితోనూ అనకుండా పది రోజులు బిందె ఎత్తకుండా దాచుకున్నది ఆ సూదికిచ్చి అడిగింది. నెగటివ్ అనగానే ఒక్క క్షణం ఆవిడ మొహంలో దీపం ఆరింది, నేను చూశాను, చూసి, నా గడ్డ గురించే దిగులుపడి అలిసిపోయిందని సర్దిచెప్పుకున్నాను. చేతికి తెలిసింది నోటికి తెలియకూడదన్న మా నాన్న పాఠం ఇంట్లో కూడా పాటించేశాను.

వెల్లకిలా పడుకోబెట్టి కదలొద్దనడం నాకు ఇది రెండోసారి. మొదటిసారి ఏడేళ్ళప్పుడు, ఒడుగులు, అంటే సున్తీ. కొత్త లుంగీ కట్టి, మెడలో మల్లెదండ వేసి, మా మేనమామ వెనక నుంచి రెక్కలు పట్టుకుని, అదిగోరా బంగారు పిట్ట, దూలం మీద చూడు అన్నాడు. చూశాను. పిట్ట లేదు. తర్వాత ఊరంతా భోజనాలు, నన్ను మాత్రం అందరూ ఒరేయ్ మొగాడా అన్నారు. బంగారు పిట్ట లేదని అప్పుడే తెలిసినవాణ్ణి, నిన్న ఆ కాగితం మీద ఎలా చూశాను? మరి కుల్సుం ఇలా ఎన్నిసార్లు పడుకుంది? లెక్కపెట్టు మీరా, చీకట్లో పనేముంది. ఏలూరు రోడ్డు డాక్టరమ్మ దగ్గర రెండుసార్లు. గుంటూరులో ఒకసారి, ట్యూబుల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసినప్పుడు, బయటికి అరుపు వినపడింది. ఇదే బల్ల మీద ఒకసారి. ప్రతిసారీ నేను బయట బెంచీ మీద పేపరు చదివాను, సాంబమూర్తి గారిలాగే. గుంటూరు డాక్టరమ్మ మీ ఆయన్ని కూడా ఒకసారి చూపించమనండి అంటే, మగాళ్ళకేం ఉంటుందండీ అన్నాను నేను నవ్వుతూ. కుల్సుం గుణదల కొండెక్కి మేరీమాతకి కొవ్వొత్తులు వెలిగించి వచ్చింది, దర్గాల్లో దారాలు కట్టింది, తన తప్పే అన్నట్టు తిరిగింది. వెలుతురు వెళ్ళని చోటు నాలో ఉందని తేలాక కూడా ఒక్క మాట అనలేదు. అననందుకే ఇలా ఉంది నాకు.

గొంతులు వినపడుతున్నాయి. "కుర్చీ ఇటు జరుపుకోమ్మా, గాలొస్తుంది" అంటున్నారు సాంబమూర్తి గారు. "పర్లేదండీ" అంది కుల్సుం. "మీరాకి ఏవిటి, కడుపు నొప్పా?" "ఏదో చూస్తారంటండీ" అంది కుల్సుం, గొంతు ఎంత మామూలుగా ఉందో. నేను చెప్పాను కదా, ఆవిడ చెప్పదు. ఇప్పుడు కరెంటొస్తుంది, డాక్టరమ్మ కుడివైపు చూస్తుంది, నెల రోజుల మందులు రాస్తుంది, నేను ప్యాంటు వేసుకుని వెళ్ళిపోతాను, ఎవరూ నవ్వరు, చుక్కవాళ్ళందరూ వస్తూనే ఉంటారు. నెలలో అది ఎంత పెరుగుతుంది? ఎనిమిది నెలల్లో చింతపిక్క నిమ్మకాయైంది. చెబితే? చెబితే మళ్ళీ హాలు, మళ్ళీ చీటీ, మళ్ళీ ఆ పిలుపు. ఊపిరాడటం లేదు ఈ గదిలో. నాకు చావంటే భయంగా ఉంది, సిగ్గంటే ఇంకా ఎక్కువ భయంగా ఉంది, ఈ రెండోది ముందు నిలబడి మొదటిది కనపడకుండా చేస్తోంది. నేను పోయాక కుల్సుం ఒక్కతే ఆ కొలతల పుస్తకం తిరగేస్తే నా పేరు పక్కన చుక్క చూస్తుంది.

టార్చి పట్టుకుని వచ్చింది రాజ్యశ్రీ గారు. "సారీ అండీ, గంట పడుకోబెట్టేశాం" అంది. ఆ మాటకే సమయం చూసుకున్నట్టు కరెంటొచ్చింది, ఏసీ గురగురమంది, తెర మీద బూడిదరంగు వెలిగింది. కళ్ళు మండాయి. ఆవిడ కొత్తగా జిగురు రాస్తూ, "రిపోర్టు బాగుంది కాబట్టి..." అంటోంది.

"ఆ రక్తం నాది కాదండీ."

ఆవిడ చేయి ఆగింది. "మీ పేరు మీరానే కదా?"

"మీరా నేనేనండీ. రక్తం మా ఆవిడది. పేరు పిలిస్తే సిగ్గుపడి నేను లేవలేదు."

తిడుతుందనుకున్నాను. ఆవిడ తెర నావైపు తిప్పి, "ఇదిగో, ఇది చూశారా, ఈ నల్లటిది. నాకు మొదటి నుంచీ నచ్చలేదు. ఆ రిపోర్టు చూసే ఆగాను" అంది. నేను చూశాను. పెద్దగా ఏం లేదు, తెల్లటి గుడ్డ మీద నూనె మరకలాగా ఉంది. "మీ రక్తం ఇవాళే తీయించండి. కృపానందం గారికి నేను ఫోన్ చేస్తాను" అని చీటీ రాసింది. ఈసారి పేరు పూర్తిగా రాసింది, పక్కన మగ అని రాసి కింద గీత గీసింది.

ప్యాంటు వేసుకున్నాను, వదులు ప్యాంటే. హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, జనం ఇంకా ఎక్కువయ్యారు. కౌంటర్లో చీటీ పెట్టాను. రామతులసి గారు పరీక్ష పేరు మాత్రం చూసి, తల ఎత్తకుండానే, "మీరా గారూ, మళ్ళీనా అండీ? నిన్ననే కదా నెగటివొచ్చింది" అని, కుల్సుం వైపు తిరిగింది. కుల్సుం అలవాటుగా లేచింది. మోచేతి దగ్గర మొన్నటి సూది మచ్చ నీలంగా ఉంది, ఆ చేతి మీది బురఖానే మళ్ళీ పైకి లాగుతోంది. "నువ్వు కూర్చో" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

"నేనండీ మీరా. నాగుల్ మీరా. మొన్న ఇచ్చింది నా రక్తం కాదు. ఈ పరీక్ష మగాళ్ళకి కూడా చేస్తారండీ, బీజంలో గడ్డ ఉంటే."

సాంబమూర్తి గారి చేతిలో పేపరు కిందికి దిగింది. ఎవరూ నవ్వలేదు, లేక నవ్వారేమో, నేను చూడలేదు. రామతులసి గారు చీటీ మళ్ళీ చదివి, మొహం ఎర్రబడి, "రండి, కూర్చోండి, చెయ్యివ్వండి" అంది. ఎడమ చేయి బల్ల మీద పెట్టాను. చొక్కా చేయి మడవాలి, గుండీ రావట్లేదు. నేను కోసిన కాజా, నేను కుట్టిన గుండీ, నా వేళ్ళకే అందట్లేదు. కుల్సుం వచ్చి పక్కన నిలబడి విప్పింది.